విప్పకముందే తేల్చుకోవలసిన సంగతులు: ఇంజిన్ మరమ్మతుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేసవి తర్వాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంజిన్ పని గురించే ఉన్నాయి. బండి మొరాయించడం కన్నా, దాన్ని ఏ షెడ్డులో వదలాలన్నదే పాఠకులను ఎక్కువగా కలవరపెడుతున్నట్టుంది. వాటిలో నాలుగు ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. రాసినవారి పేర్లు, వారు ప్రస్తావించిన షెడ్ల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: 2014 నాటి డీజిల్ కారును మూడేళ్ల క్రితం కొన్నాను. మే నెలలో కుటుంబంతో రాయచోటికి వెళ్తుండగా గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత దాటింది. బండిని పక్కకు తీసి, కాస్త చల్లారాక దగ్గరలోని హోటల్లో బోరు నీళ్లు అడిగి పోసి, మెల్లగా ఇంటికి తిరిగి వచ్చాము. మొదటి షెడ్డులో ఉస్తాద్ బానెట్ ఎత్తి చూసి, హెడ్ ప్యాకింగ్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కు, కింది దిమ్మకు మధ్య ఉండే పొర) పోయిందని, హాఫ్ ఇంజిన్ పని (ఇంజిన్‌ను సగం విప్పి చేసే మరమ్మతు) చేయాలని, 48 వేల రూపాయలు అవుతుందని చెప్పారు. రెండో చోట ఫ్యాన్ తిరగడం లేదని, మూడు వేలలో అయిపోతుందని అన్నారు. తక్కువ చెప్పినవారిని నమ్మితే ఇంజిన్ పోతుందేమోనని, ఎక్కువ చెప్పినవారిని నమ్మితే మోసపోతానేమోనని భయంగా ఉంది. ఎవరిని నమ్మాలి?
ఒక ఉపాధ్యాయుడు, కడప

జవాబు: ఆ రెండు మొత్తాలనూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 48 వేలు అడిగినవారు మోసగాళ్లని, మూడు వేలు అడిగినవారు నిజాయితీపరులని అంకెలను బట్టి తేల్చలేము. మీ ఉత్తరంలో నాకు కనిపించిన లోటు వేరే ఉంది. రెండు చోట్లా జబ్బు పేరు చెప్పారు గానీ, ఆ జబ్బేనని ఎలా తేలిందో ఎవరూ చెప్పలేదు, మీరూ అడిగినట్టు లేదు. ఇంజిన్ పనికి షెడ్డును ఎంచుకునేటప్పుడు నేను గట్టిగా పట్టుకునే ప్రశ్న ఇదొక్కటే: "అది ఎలా తేలింది?" కొలత చూపించో, కంటికి కనిపించే గుర్తు చూపించో దీనికి జవాబు చెప్పగలిగిన చోట బండిని వదలవచ్చు. "ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్నా, చప్పుడు వింటే చెప్పేస్తా" అన్న చోట ఆ మనిషి అనుభవాన్ని గౌరవిస్తూనే, ఆ అనుమానాన్ని విప్పకముందే రుజువు చేసే పరీక్ష ఏదైనా ఉందా అని అడగాలి. మీ విషయంలో అలాంటి పరీక్షలు నాలుగైదు ఉన్నాయి.

ముందుగా బండి ఎక్కడ, ఎప్పుడు వేడెక్కిందో చూద్దాం. ఘాట్ ఎక్కేటప్పుడు గేరు చిన్నది, వేగం తక్కువ, ఇంజిన్ మీద భారం ఎక్కువ. చదును రోడ్డు మీద ఎనభై కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ను చాలావరకు చల్లబరుస్తుంది. ఘాట్‌లో ఆ గాలి ఉండదు కాబట్టి భారమంతా ఫ్యాన్ మీద పడుతుంది. అందువల్ల మైదుకూరు వైపు ఎంత దూరం పోయినా మామూలుగా ఉండి, ఘాట్‌లోనో ఊళ్లోని రద్దీలోనో మాత్రమే ముల్లు పైకి లేస్తుంటే ఫ్యాన్ మోటారును, దాని రిలేను, ఫ్యూజును, ఉష్ణోగ్రతను కనిపెట్టే సెన్సరును ముందు అనుమానించాలి. అలా కాకుండా చదును రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడే వేడెక్కుతుంటే లోపల నీరు సరిగా తిరగడం లేదేమో చూడాలి; రేడియేటర్ గొట్టాలు పూడుకుపోవడం, వేడిని బట్టి నీటికి దారి తెరిచే థర్మోస్టాట్ తెరుచుకోకపోవడం, వాటర్ పంపు అరిగిపోవడం ఆ కోవలోకి వస్తాయి. బయట ఎక్కడా చుక్క కారకుండానే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిపోతుంటే అనుమానం హెడ్ ప్యాకింగ్ మీదికి వెళుతుంది.

ఈ లెక్క ప్రకారం మీ రెండో షెడ్డువారి మాట సబబుగానే ఉంది. అంతమాత్రాన మొదటివారిది అబద్ధమని అనుకోవద్దు. ఫ్యాన్ ఆగిపోయినందువల్ల మొదలైన వేడి, ముల్లు ఎర్రగీత దాటాక అల్యూమినియం హెడ్‌ను వంచి ప్యాకింగ్‌ను దెబ్బతీసి ఉండవచ్చు. ఒకరు కారణాన్ని, మరొకరు దాని ఫలితాన్ని చూసి చెప్పి ఉండవచ్చు. అదే నిజమైతే మూడు వేల పనితో ఆగితే బండి మళ్లీ వేడెక్కుతుంది. 48 వేల పని చేసి ఫ్యాన్‌ను వదిలేసినా అంతే, కొత్త ప్యాకింగ్ కూడా అదే ఘాట్‌లో పోతుంది.

పరీక్షలు ఖర్చు లేనివాటితో మొదలై, శ్రమ ఎక్కువైనవాటి వైపు సాగాలి. ఇంజిన్‌ను ఆన్‌లో ఉంచి ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ తిరగాలి. దీన్ని మీ ఇంటి ముందే చూసుకోవచ్చు. రేడియేటర్ మూతను మాత్రం వేడి మీద తీయకండి. ఆ మూత లోపల సుమారు ఒక బార్ ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది, అందువల్ల నూరు డిగ్రీలు దాటినా నీరు మరగకుండా ఉంటుంది. మూత వదులు చేసిన క్షణంలో ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారాక మెకానిక్ చేతిపంపుతో అదే ఒత్తిడిని రేడియేటర్‌లోకి ఎక్కించి పది, పదిహేను నిమిషాలు ముల్లును గమనిస్తే, అది పడిపోతుందా, పడిపోతే నీరు బయటికి కారుతోందా లోపలికి పోతోందా అన్నది తెలుస్తుంది. రేడియేటర్ నోటి దగ్గర నీలిరంగు ద్రవం ఉన్న చిన్న గొట్టాన్ని పెట్టి, లోపలి గాలిని దాని గుండా లాగే పరీక్ష మరొకటి ఉంది. సిలిండర్‌లో మండిన వాయువు నీటిలోకి వస్తుంటే ఆ ద్రవం నీలం నుంచి ఆకుపచ్చలోకో పసుపులోకో మారుతుంది. సామాన్యుడు సైతం పక్కన నిలబడి చూసి నమ్మగలిగిన పరీక్ష కాబట్టి నాకు దీని మీద మక్కువ ఎక్కువ. ఆ పరికరం ఉందా అని మొదటి షెడ్డులో అడిగి చూడండి. చివరిది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడిని కొలవడం. డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో తీయాలి కాబట్టి లేబర్ అవుతుంది, కానీ పక్కపక్క సిలిండర్ల రెండింటిలోనూ అంకె బాగా తగ్గి ఉంటే వాటి మధ్య ప్యాకింగ్ పోయిందని చాలావరకు నిర్ధారించుకోవచ్చు.

ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి పొర చూపించి "నీళ్లు కలిశాయి" అనడం షెడ్లలో పరిపాటి. అది గట్టి గుర్తే, కాని ఒక్కటే సరిపోదు. రోజూ రెండు కిలోమీటర్లకు మించి తిరగని బండిలో చలికాలపు తేమ వల్ల కూడా మూత కింద అలాంటి పొర చేరుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ కూడా కాఫీరంగులోకి మారి ఉంటే ఇక సందేహం అక్కరలేదు.

ఇవన్నీ హెడ్ ప్యాకింగ్ వైపే చూపితే హెడ్ దించవలసిందే. అప్పుడు కూడా పని మీ పరోక్షంలో జరగనివ్వకండి. దించిన హెడ్ మీద ఉక్కు బద్దను అడ్డంగా పెట్టి, దాని కింద సన్నని గేజి రేకును దూర్చి, ఎంత వంగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. చాలా ఇంజిన్లకు హద్దు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు మధ్య ఉంటుంది, అంటే మన తల వెంట్రుక మందమంత. మీ ఇంజిన్‌కు ఎంతన్నది కంపెనీ మాన్యువల్లో ఉంటుంది. హద్దు దాటితే లేత్ వర్క్‌షాపులో ఫేసింగ్, అంటే దాని ముఖాన్ని చదును చేసే పని చేయించాలి. పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే స్పానరు) వాడతారా, హెడ్ బోల్టులు కొత్తవి వేస్తారా అని అడగండి. చాలా ఇంజిన్లలో ఆ బోల్టులు బిగించినప్పుడు సాగేలా తయారవుతాయి, రెండోసారి పనికిరావు. పాత బోల్టులనే చేతి అంచనాతో బిగించే చోట ఎంత మంచి ప్యాకింగ్ వేసినా నిలవదు.

డిపో గ్యారేజీలో పనిచేసిన రోజుల నుంచి నాకు అబ్బిన ఒక అలవాటు చెబుతాను. బస్సు గ్యారేజీకి వస్తే బానెట్ ఎత్తకముందే డ్రైవరును పిలిచి, ఏ రోడ్డులో, ఎంత లోడులో, ఎంతసేపటికి మొదలైందని అడిగేవాళ్లం. ఎన్నోసార్లు సగం జవాబు డ్రైవరు దగ్గరే దొరికేది. మిమ్మల్ని ఇలాంటి ప్రశ్నలు పది అడిగిన మెకానిక్ మీద నాకు గురి కుదురుతుంది. ఏమీ అడగకుండా స్పానరు అందుకున్నవారి మీద అంత తొందరగా కుదరదు. షెడ్డు ముందు పెద్ద బోర్డు, లోపల ఏసీ గది, టీవీ, కాఫీ యంత్రం ఉండటం బాగానే ఉంటుంది, కాని వాటివల్ల హెడ్ వంపు తెలియదు.

డబ్బు విషయానికి వస్తే, అంచనాను రెండు విడతలుగా రాయించుకోండి. మొదటిది పరీక్షల కోసం మాత్రమే, దానికి రుసుము తీసుకోమనండి. "చూసినందుకు డబ్బులేమిటి" అని మనం బేరమాడుతాము గానీ, చూడటానికి డబ్బులివ్వని చోట ఆ డబ్బును విప్పడంలో రాబట్టుకుంటారు. రెండో అంచనాలో సామానుకు ఎంత, లేబర్‌కు ఎంత, లేత్ పనికి ఎంత అని విడివిడిగా ఉండాలి. మీకు ఫోన్ చేసి అనుమతి తీసుకోనిదే అంతకు మించి పని చేయకూడదని కూడా ఆ కాగితం మీదే రాయించండి.

చివరగా ఆ బోరు నీళ్లు. ఆపదలో మరో దారి లేక పోశారు, అర్థం చేసుకోగలను. పూర్తిగా చల్లారకముందే చల్లటి నీళ్లు పోసి ఉంటే మాత్రం ఆ మాట మెకానిక్‌కు దాచకుండా చెప్పండి, ఎందుకంటే కాలిన లోహం హఠాత్తుగా చల్లబడితే పగులుతుంది. మన సీమలోని బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. వేడినీళ్ల హీటర్ కడ్డీ మీద నెలకే తెల్లటి పెంకు కట్టడం ఇంట్లో చూస్తూనే ఉంటారు. అదే పెంకు రేడియేటర్‌లోని సన్నని గొట్టాలలోనూ కడుతుంది. ఏ పని చేయించినా, చేయించకపోయినా, ఆ నీటిని పూర్తిగా తీయించి, లోపల కడిగించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో తగిన పాళ్లలో కలిపి పోయించండి.

ప్రశ్న: నేను అనంతపురంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఏడేళ్ల నాటి నా స్కూటర్ ఇంజిన్ నుంచి టకటకమని చప్పుడు వస్తోంది, పికప్ కూడా తగ్గింది. బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) పోయింది, ఇంజిన్ దించాలి అన్నారు. నేను ఏదైనా అడిగితే జవాబు నాకు చెప్పకుండా పక్కనున్న మా తమ్ముడికి చెబుతున్నారు. మా తమ్ముడికి బండి నడపడం కూడా రాదు. ఆడవాళ్లు మోసపోకుండా ఏమని మాట్లాడాలి?
ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ప్రశ్న వేసినవారికి జవాబు చెప్పని షెడ్డు నుంచి బండిని వెనక్కి తెచ్చుకోవడానికి మరో కారణం అవసరం లేదు. రేపు పని చెడిపోతే కూడా మీతో మాట్లాడరు. మీరు గొంతు పెంచనక్కరలేదు, సాంకేతిక పదాలు వల్లించనక్కరలేదు. మీ వార్డులో జ్వరమని వచ్చిన మనిషికి కొలవకుండా మందు ఎక్కించరు గదా, ఇక్కడా అదే పట్టింపు పాటించండి.

ముందు మీరే ఆయిల్ చూసుకోండి. చాలా స్కూటర్ ఇంజిన్లలో ఆయిల్ ఒక లీటరు కూడా పట్టదు, అందువల్ల పావు లీటరు తగ్గినా ఇంజిన్‌కు అది పెద్ద లోటు. బండిని సెంటర్ స్టాండు మీద చదునుగా నిలిపి డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. అది రెండు గీతల మధ్య ఉండాలి.

టకటక చప్పుడుకు బోరు అరగడమే కారణం కానక్కరలేదు. వాల్వును నొక్కే ట్యాపెట్ దగ్గరి సందు పెరిగినా అలాంటి చప్పుడే వస్తుంది. అది గేజి రేకుతో సరిచేసే చిన్న పని, ఇంజిన్‌ను దించనవసరం లేదు. బోరు పోయిందన్న మాట నిజమో కాదో తేల్చడానికి ప్లగ్ తీసిన రంధ్రంలో గేజి బిగించి కంప్రెషన్ కొలుస్తారు. అంకె తక్కువ వస్తే అదే రంధ్రంలో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఈసారి అంకె బాగా పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, బోరో అరిగినట్టు, ఎందుకంటే ఆయిల్ తాత్కాలికంగా ఆ సందును మూసింది. పెరగకపోతే లోపం వాల్వుల దగ్గర ఉన్నట్టు. పావుగంటలో అయ్యే పని ఇది. "ఆయిల్ పోయకముందు ఎంత, పోశాక ఎంత?" అని అడిగి, రెండు అంకెలనూ కాగితం మీద రాసిమ్మనండి. ఈ ప్రశ్న విన్నాక కూడా మీ తమ్ముడి వైపే చూస్తే ఆ షెడ్డును వదిలేయండి.

సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తోందా అన్నది మీరు రాయలేదు. వస్తుంటే రింగుల అనుమానానికి బలం చేకూరుతుంది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాసేపే వచ్చి ఆగిపోతుంటే వాల్వ్ సీళ్లు కావచ్చు, అది రింగుల పని కన్నా చిన్నది.

ప్రశ్న: ప్రొద్దుటూరులో మాది నగల వ్యాపారం. మా పెట్రోల్ కారు డాష్‌బోర్డులో ఇంజిన్ దీపం వెలుగుతోంది, బండి కుదుపుతోంది. మాకు తెలిసిన షెడ్డులో స్కానర్ పెట్టి, కోడు వచ్చిందని మొదట ప్లగ్గులు మార్చారు, తర్వాత ఆక్సిజన్ సెన్సరు మార్చారు, తర్వాత ఇంజెక్టర్లు శుభ్రం చేశారు. 14 వేలు అయ్యాక దీపం మళ్లీ వెలిగింది. ఇప్పుడు ఇంజిన్ కంప్యూటరే పోయిందంటున్నారు. స్కానరే చెప్పినప్పుడు తప్పు ఎలా పోతుంది? కారుకు పొడిగించిన వారంటీ ఇంకా ఉంది, కాని కంపెనీ సర్వీస్ సెంటర్లో ఖర్చు ఎక్కువని బయట చూపించాము.
ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: వారంటీ ఉండగా ఇంజిన్ కంప్యూటర్‌కు చేతినుంచి డబ్బు పెట్టడమెందుకు? వారంటీ పుస్తకం తీసి, విద్యుత్ భాగాలు, ఇంజిన్ కంట్రోల్ యూనిట్ (అదే ఇంజిన్ కంప్యూటర్) దాని పరిధిలో ఉన్నాయేమో చదివి, ముందు సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. బయట ఏమేం మార్చారో దాచవద్దు. ఆ సామాను బిల్లులు తీసుకెళ్లండి.

స్కానర్ అబద్ధం చెప్పలేదు, దాని మాటను అర్థం చేసుకోవడంలో పొరపాటు జరిగింది. కోడు చెప్పేది లక్షణాన్ని. మార్చవలసిన సామాను పేరును కాదు. ఉదాహరణకు పి 0301 అని వస్తే ఒకటో సిలిండర్ సరిగా మండటం లేదని అర్థం. ప్లగ్, దానికి నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చే కాయిల్, ఇంజెక్టర్, వైరింగు, గాలి లీకు, కంప్రెషన్ తగ్గడం వంటి వాటిలో ఏదైనా కారణం కావచ్చు. తెలిసిన మెకానిక్ ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండో దానికి, రెండో దాన్ని ఒకటో దానికి మార్చి బిగించి, కోడు చెరిపి, బండి నడిపి చూస్తాడు. కోడు పి 0302 గా మారితే దోషం కాయిల్‌తో పాటే వెళ్లిందన్నమాట, కాయిల్ మారిస్తే చాలు. మారకపోతే కాయిల్ నిర్దోషి. పైసా సామాను కొనకుండా ఒక అనుమానం తీరిపోతుంది. మీ షెడ్డులో అలాంటిదేమీ చేయకుండా గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయారు. మీ కొట్టుకు పాత బంగారం తెచ్చినవారి దగ్గర గీటురాయి మీద గీయకుండా మీరు కొంటారా? కంప్యూటర్ పోయిందన్న మాటకూ అలాంటి గీటు చూపించమనండి. దానికి కరెంటు, ఎర్తింగు సరిగా అందుతున్నాయని, వైరింగులో తెగుదల లేదని మీటరుతో కొలిచి చూపించాకే ఆ మాట అనాలి.

ఇంజిన్ దీపం నిలకడగా వెలుగుతుంటే ఒకటి రెండు రోజుల్లో చూపించవచ్చు. టపటపా ఆరి వెలుగుతుంటే మాత్రం మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, పొగను శుద్ధి చేసే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తోందని అర్థం, బండి ఆపేయండి. ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే అసలు ఆలోచించకుండా ఇంజిన్ ఆఫ్ చేయాలి.

వారంటీ ముగిశాక బయటి షెడ్లకు వెళ్లడం తప్పేమీ కాదు. బయటి మెకానిక్‌లకు విడిభాగాలు, పరీక్షా పరికరాలు అందకుండా కట్టడి చేశారని భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దాని మీద కంపెనీలు పై మెట్లకు వెళ్లాయి. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ప్రారంభించిన 'రైట్ టు రిపేర్' (మరమ్మతు హక్కు) పోర్టల్‌లో వాహన రంగం కూడా ఉంది. అయితే చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవారు రెండు వైపులా ఉన్నారు. కంపెనీ బోర్డు ఉన్నంత మాత్రాన లోపల పనిచేసే కుర్రవాడికి రోగనిర్ణయం తెలుస్తుందని లేదు, చిన్న షెడ్డు అన్నంత మాత్రాన తక్కువ ఖర్చుతో తెములుతుందనీ లేదు. మీ 14 వేల లెక్కే చూసుకోండి.

ప్రశ్న: ఆదోనిలో సొంత డీజిల్ ఆటో నడుపుకుని బతుకుతున్నాను. పొగ ఎక్కువై, లాగడం తగ్గితే 32 వేలు పెట్టి ఇంజిన్ పని చేయించాను, పిస్టన్, రింగులు కొత్తవి వేశామన్నారు. ఆరు వారాలకే మళ్లీ నీలి పొగ మొదలైంది. అడిగితే ఆయిల్ నాసిరకం వాడావని నా మీదే నెట్టి, ఇంకో తొమ్మిది వేలు అడుగుతున్నారు. బిల్లు ఇవ్వలేదు. 20 వేలు ఫోన్‌లో పంపాను, మిగతాది చేతికిచ్చాను. ఇంకా నాలుగు వేలు బాకీ ఉందని బండిని షెడ్డులోనే పెట్టుకున్నారు. మాలాంటివారికి వినియోగదారుల కోర్టు పనిచేస్తుందా? బండి బాడుగకు తిప్పేది కాబట్టి కేసు చెల్లదని ఒకరన్నారు.
ఒక ఆటో డ్రైవరు, ఆదోని

జవాబు: ఆ మాట మీకు వర్తించదు. వాణిజ్య అవసరానికి వాడినవారు వినియోగదారులు కారని చట్టంలో ఉన్నది నిజమే గానీ, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే వాడుకునేవారిని ఆ మినహాయింపు నుంచి 2019 వినియోగదారుల రక్షణ చట్టమే తప్పించింది. కర్నూలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే, కాబట్టి బిల్లు లేకపోవడం మీ తప్పుగా భావించి వెనకడుగు వేయకండి. ఫోన్‌లో డబ్బు పంపిన వివరం, ఆ షెడ్డుతో జరిపిన సందేశాలు, కొత్త సామాను పెట్టెల ఫోటోలు ఉంటే అవన్నీ సాక్ష్యమే.

బండిని ఆపుకోవడం విషయంలో మాత్రం జాగ్రత్త. వస్తువు మీద శ్రమ చేసినవారు తమ కూలి అందేదాకా ఆ వస్తువును తమ దగ్గరే ఉంచుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ చెబుతుంది. గొడవపడి బండిని బలవంతంగా తెచ్చుకుంటే న్యాయం మీ వైపున్నా మాట పడతారు. ఆటో ఆగిన ప్రతి రోజూ మీకు బాడుగ నష్టం గనుక, బాకీ నిజమే అయితే ఆ నాలుగు వేలను "పని లోపం మీద నా అభ్యంతరం అలాగే ఉంది" అని సందేశం పంపి, ఫోన్ ద్వారానే చెల్లించి బండి తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం.

కమిషన్‌కు వెళ్లే ముందు అసలు ఏమి జరిగిందో తేలాలి. కొత్త రింగులు ఆరు వారాల్లో పాడవడానికి నాసిరకం ఆయిల్ ఒక్కటే కారణమని ఒప్పుకోవడానికి లేదు. బోరును కొలవకుండా పాత అరుగుదల మీదే కొత్త రింగులు వేసి ఉండవచ్చు, బోరుకు హోనింగ్ (లోపలి గోడను సన్నగా గీకి సరిచేయడం) చేయకుండా వదిలి ఉండవచ్చు. ఆదోని చుట్టుపక్కల మట్టి రోడ్ల మీద తిరిగే బండ్లలో నేను ముందు చూసేది ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు గొట్టాన్ని. దానికి చిన్న చీలిక ఉన్నా, క్లిప్పు వదులైనా, వడకట్టని దుమ్ము నేరుగా లోపలికి పోయి ఉప్పు కాగితంలా బోరును, రింగులను గీకేస్తుంది. అలాంటప్పుడు ఎన్ని ఇంజిన్ పనులు చేయించినా ఫలితం ఇదే. పని చేసిన షెడ్డులోనే ఆ గొట్టాన్ని విప్పి, లోపలి గోడ మీద వేలితో రాసి చూపించమనండి. వేలికి మట్టి అంటితే తప్పు ఎక్కడిదో ఇద్దరికీ కనిపిస్తుంది, బహుశా మాట కూడా మెత్తబడుతుంది.

అలా జరగకపోతే పని లోపాన్ని, మీరు కోరుతున్న పరిహారాన్ని ఒక కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో ఆ షెడ్డుకు పంపండి. రసీదు దాచుకోండి. పదిహేను రోజుల గడువు ఇచ్చి, స్పందన రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తెగకపోతే కమిషన్. ఈలోగా తొందరపడి మరో షెడ్డులో ఇంజిన్ విప్పించకండి. ఒకసారి విప్పితే ఎవరి చేతిలో ఏది చెడిందో చెప్పలేని పరిస్థితి వస్తుంది. విప్పకుండానే కంప్రెషన్ కొలిపించి, ఆ అంకెలను, పొగ రంగును, తేదీని, ఓడోమీటర్ చూపే కిలోమీటర్లను వేరొక మెకానిక్ చేత కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకుని ఉంచుకోండి.